పాడి ఇంటికి పెరటి మందు మడి
(సభ్యుల కొరకు పాఠం)



పాల సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు లెక్కల పుస్తకాలతోపాటు సభ్యుల దొడ్లు కూడా చూడడం మాకు అలవాటు. దొడ్డి బాగుంటే పుస్తకం బాగుంటుంది. బంగారుపాళ్యం ప్రాంతంలో ఎక్కువ ఇళ్ళలో పశువుల కొట్టం వెనుక నాలుగు గజాల ఖాళీ స్థలం ఉంటుంది. ఒక పక్క పెంటదిబ్బ, ఒక పక్క గాబు, మిగిలిన చోట కంప, విరిగిన బానలు. ఆ స్థలాన్ని మందు మడిగా, వంటింటి ఆకుల మడిగా మార్చుకోవడం ఎలాగో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మన ప్రాంతపు రైతుకు ఆదాయం మూడు దారుల్లో వస్తుంది. మామిడి ఏడాదికి ఒకసారి, చెరకు ఏడాదికి ఒకసారి, పాలు మాత్రం ప్రతి పూటా. 2025లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 రూపాయలు అని ప్రకటించవలసి వచ్చిన సంగతి బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో బండ్లు నిలబెట్టుకున్న రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి ఏడు ఇల్లు గడిచేది పాల డబ్బుతోనే. ఆ పాల డబ్బుకు గండి కొట్టే జబ్బుల్లో మొదటిది పొదుగువాపు. కావున ఈ మడి ఊసుపోక వేసుకునే పూలతోట కాదు.

పొదుగువాపు ఖరీదు ఎంత?

ఒక చిన్న లెక్క వేద్దాం. పూటకు 4 లీటర్ల చొప్పున రోజుకు 8 లీటర్లు ఇచ్చే ఆవు ఉందనుకోండి. లీటరుకు 35 రూపాయలు వస్తుందనుకుందాం. పొదుగువాపు వచ్చి 7 రోజులు పాలు సంఘానికి పోయకపోతే 1,960 రూపాయలు పోయినట్టే. ఇది పైకి కనిపించే నష్టం. అశ్రద్ధ చేసి ఒక చన్ను పూర్తిగా ఎండిపోతే రోజుకు సుమారు 2 లీటర్లు తగ్గుతాయి. ఇంకా 200 రోజులు పాలిచ్చే ఆవు అయితే 400 లీటర్లు, అంటే 14,000 రూపాయలు. ఈ నష్టం ఏ పుస్తకంలోనూ ఎక్కదు. గనుకనే చాలామందికి తెలియదు.

ఇక రెండవ సంగతి. పొదుగువాపుకు సూదిమందు వేసినప్పుడు ఆ మందు కొంత పాలలోకి దిగుతుంది. డాక్టరు చెప్పిన గడువు ముగిసేదాకా ఆ పాలు అమ్మకూడదు. పాలలో యాంటీబయాటిక్ మందుల అవశేషాలకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హద్దులు నిర్ణయించింది. ఒక్క సభ్యుడు గడువు పాటించకుండా పోసిన 3 లీటర్ల పాలు, సంఘం క్యాన్లన్నిటిలో కలిసి ఊరందరి పాలనూ చెడగొట్టగలవు. అటువంటి పాలతో పెరుగు కూడా సరిగా తోడుకోదు. అన్నిటికంటె పెద్ద ప్రమాదం, ఆ మందులకు సూక్ష్మజీవులు అలవాటు పడిపోయి, రేపు మన పిల్లలకు జబ్బు చేసినప్పుడు మందు పనిచేయకపోవడం.

పెద్ద సంస్థలు చెబుతున్న పెరటి వైద్యం

ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి 1965లో ఏర్పడింది. మొదట్లో పాల సేకరణ, అమ్మకాల మీద దృష్టి పెట్టిన ఆ సంస్థే ఇప్పుడు పొదుగువాపు నివారణలో భాగంగా సంప్రదాయ పశువైద్యాన్ని పాల సంఘాల ద్వారా ప్రచారం చేస్తున్నది. ఈ మందుల కొలతలు రూపొందించడంలో తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య పుణ్యమూర్తి గారు, బెంగుళూరులోని ట్రాన్స్‌డిసిప్లినరీ విశ్వవిద్యాలయం వారు ముఖ్యులు. బెంగుళూరులోనే 1993లో ఏర్పడిన ఎఫ్.ఆర్.ఎల్.హెచ్.టి. సంస్థ దక్షిణ రాష్ట్రాల గ్రామాలలో మహిళా సంఘాల ద్వారా ఇంటింటి మూలికా తోటలు వేయించింది. ఒక్కొక్క ఇంటికి ఆ ప్రాంతంలో దొరికే కొన్ని రకాల మొక్కలను ఒక కట్టగా ఇవ్వడం వారి పద్ధతి.

మన పాఠానికి ఆధారం ఈ రెండు ప్రయత్నాలే. అవసరమైన మొక్కలు ముందే పెరట్లో ఉండాలి. జబ్బు వచ్చిననాడు వెతకడం మొదలుపెడితే మందు చేతికి వచ్చేసరికి చన్ను పోతుంది.

దుకాణపు పెట్టె, మన పెట్టె

ఇప్పుడు పట్టణాలలో 'మూలికల తోట పెట్టె' అని అట్టపెట్టెలు అమ్ముతున్నారు. చదువుకునే పిల్లలు చిత్తూరు నుండో, బెంగుళూరు నుండో తెస్తున్నారు. అందులో నాలుగైదు విత్తనాల పొట్లాలు, చిన్న చిన్న గిన్నెలు, నీళ్ళు పోస్తే ఉబ్బే కొబ్బరిపీచు బిళ్ళలు, పేర్లు రాసే పుల్లలు ఉంటాయి. మొదటిసారి మొక్క పెంచేవారికి ఇది మంచి పలక వంటిది. అయితే కొనే ముందు రెండు సంగతులు చూడాలి. మొదటిది, పొట్లం మీద విత్తనాల గడువు తేదీ. రెండవది, ఏ విత్తనాలు ఉన్నాయన్నది. రోజ్‌మేరీ, థైమ్ వంటివి చల్లని, పొడి దేశాల మొక్కలు. మన వైశాఖపు ఎండకూ, కార్తీకపు ముసురుకూ వాటిని నిలపడం కొత్తవారికి కష్టం. బేసిల్ అని రాసి ఉంటే కంగారు పడనక్కరలేదు. అది మన సబ్జా గింజల మొక్కే, తులసికి చుట్టం.

ఆ పెట్టె లేకపోయినా లోటు లేదు. పాడి ఇంట్లో అంతకంటె మంచి పెట్టె తయారవుతుంది.

1. అర లీటరు పాల కవర్లు 20. శుభ్రంగా కడిగి అడుగున మేకుతో నాలుగు రంధ్రాలు పెట్టాలి. నారు పెంచడానికి ఇవి చాలు.
2. ఎర్రమన్ను ఒక గంప, ఇసుక ఒక గంప, బాగా మాగిన పశువుల ఎరువు ఒక గంప. మూడూ జల్లించి కలపాలి. పచ్చిపేడ వేస్తే ఆ వేడికి లేత వేళ్ళు మాడిపోతాయి. పిడికిట పట్టి చూస్తే వాసన లేకుండా, నల్లగా, పొడిపొడిగా ఉన్న ఎరువే మాగిన ఎరువు.
3. వంటింట్లోని ధనియాలు, మెంతులు ఒక్కొక్క గుప్పెడు.
4. మొలక కన్ను ఉన్న పసుపు కొమ్ములు, అల్లం ముక్కలు.
5. ఇరుగుపొరుగు నుండి తెచ్చిన పుదీనా కాడలు, వామాకు కొమ్మలు, నల్లేరు తీగ ముక్కలు, కలబంద పిలకలు.

డబ్బు పెట్టి కొనవలసింది ఒక్క నిమ్మ అంటు మాత్రమే. అది కూడా నమ్మకమైన నర్సరీలో కొనాలి.

మడి వేసే పద్ధతి

10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు స్థలం చాలు. కొట్టం నుండి మూత్రం పారే కాలువకు పక్కగా, అయితే కాలువలోకి కాకుండా చూసుకోవాలి. నేలను జానెడు లోతు తవ్వి, మాగిన ఎరువు రెండు గంపలు కలిపి, చుట్టూ జానెడు గట్టు పోయాలి. మేకలు, కోళ్ళు రాకుండా కంప నాటాలి. కంప వేయని మడికి కాపలా ఉండదు.

ధనియాలను చెప్పుకాలితో మెల్లగా నలిపి రెండు బద్దలుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి చల్లాలి. మొలకకు వారం నుండి పది రోజులు పడుతుంది. ఎండ ముదిరిన నెలల్లో కొత్తిమీర తొందరగా పూతకు వచ్చి ఆకు తగ్గుతుంది. చలికాలంలో బాగా వస్తుంది. మెంతి మూడు నాలుగు రోజుల్లో మొలిచి నెల లోపే కూరకు అందుతుంది. మొదటిసారి మడి వేసేవారు మెంతితో మొదలుపెడితే తొందరగా ఫలితం కనిపించి ఉత్సాహం నిలుస్తుంది.

పుదీనా కాడను కింది ఆకులు తీసేసి రెండు కణుపులు మట్టిలో ఉండేట్టు ఏటవాలుగా నాటాలి. గాబు పక్కన, సగం నీడలో పెడితే ఏడాది పొడుగునా సంగటిలోకి పచ్చడి చేసుకోవచ్చు. అది పాకి ఇతర మొక్కలను మింగుతుంది గనుక విడిగా పాత బానలో పెంచడం మేలు. వామాకు కొమ్మ ఎక్కడ గుచ్చినా వేరు పోసుకుంటుంది. తులసి గింజలు చాలా సన్ననివి. లోతుగా పాతిపెట్టకుండా పైన చల్లి ఇసుక దుమ్ములా రాల్చితే చాలు. కరివేపాకు గింజ పండిన వెంటనే పైతొక్క తీసి నాటాలి. ఎండబెట్టి దాచిన గింజ మొలవదు. పెద్ద చెట్టు మొదట్లో వచ్చిన పిలకను వేరుతో తవ్వి తెచ్చుకున్నా సరిపోతుంది.

పసుపు, అల్లం తొలకరి జల్లులకు, జూన్ నెలలో, రెండు అంగుళాల లోతున నాటి ఆకులు కప్పాలి. పసుపు తవ్వడానికి ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు మడి మురుగు పోయేట్టు ముందే గండి పెట్టుకోవాలి.

నీరు ఉదయం పూట చెంబుతో, వేళ్ళ దగ్గర పోయాలి. పాల బిందెలు మొదటిసారి మామూలు నీళ్ళతో తొలిచిన నీరు మడికి పోయవచ్చు. సోడా, సబ్బుపొడి కలిపి కడిగిన నీరు పోయకూడదు. పేనుబంక కనిపిస్తే పురుగుమందు జోలికి పోకూడదు. 50 గ్రాముల వేపగింజల పలుకు దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, సాయంత్రం చల్లాలి. పశువుకు మందుగా వాడే ఆకు మీద విషం చల్లితే మడి వేసిన ఫలమే పోతుంది.

కలబంద సంగతి ప్రత్యేకం

ఈ మడిలో కిరీటం వంటిది కలబంద. పొదుగువాపు మందుకు రోజుకు 250 గ్రాములు, అయిదు రోజులకు కిలోంపావు కావాలి. ఒకటి రెండు మొక్కలతో ఇది సాగదు. ఇంటికి కనీసం 8 మొక్కలు ఉండాలి. పిలక నాటిన తరువాత మందుకు పనికివచ్చే దళసరి ఆకు రావడానికి ఏడాది వరకు పడుతుంది. అంటే వచ్చే ఏటి జబ్బుకు మందు ఈ ఏడే నాటాలి. ఎండ బాగా తగిలేచోట, నీరు నిలవని గరుసు నేలలో నాటి, వారానికి ఒకసారి తడి ఇస్తే చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. పొలం గట్ల మీద, రైలు కట్టల పక్కన పెరిగే నార మొక్కను కూడా కొన్ని ఊళ్ళలో కలబంద అనే అంటారు. అది నిటారుగా, గట్టిగా, కొనకు సూది వంటి ముల్లుతో ఉంటుంది. దాని రసం చర్మానికి దురద, మంట పుట్టిస్తుంది. మనకు కావలసినది మెత్తని ఆకు, విరిస్తే లోపల గాజు వంటి గుజ్జు ఉండేది. తెలియకపోతే పశువుల డాక్టరుకు చూపి నాటండి.

మడి నుండి మూడు మందులు

పొదుగువాపుకు: కలబంద ఆకు 250 గ్రాములు, పసుపు పొడి 50 గ్రాములు, తమలపాకులో వేసుకునే సున్నం 15 గ్రాములు. ఆకు అంచుల ముళ్ళు తీసి ముక్కలు చేసి, మూడూ కలిపి మెత్తగా రుబ్బితే ఎర్రని ముద్ద వస్తుంది. పొదుగును శుభ్రంగా కడిగి, ఉన్న పాలన్నీ పిండివేయాలి. ముద్దలో ఒక పిడికెడు తీసి 150 నుండి 200 మి.లీ. నీటిలో పలుచన చేసి పొదుగంతా పూయాలి. ఇలా రోజుకు 10 సార్లు, అయిదు రోజులు చేయాలి. ఏ రోజు ముద్ద ఆ రోజే రుబ్బాలి. దీనితోపాటు రోజుకు రెండు నిమ్మకాయలు కోసి మూడు రోజులు తినిపించాలి. సున్నం కొలత మించితే చర్మం పొక్కుతుంది. కంటి అందాజు పనికిరాదు.

గిట్టల పుండ్లకు, చర్మపు పుండ్లకు: కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు ఒక్కొక్క గుప్పెడు, వెల్లుల్లి 10 పాయలు, పసుపు 20 గ్రాములు రుబ్బి, అర లీటరు కొబ్బరినూనెలో గాని నువ్వులనూనెలో గాని మరిగించి చల్లార్చాలి. పుండును శుభ్రం చేసి పూయాలి. పురుగులు పడితే మొదటిరోజు సీతాఫలం ఆకు ముద్ద పెట్టాలి. 2022లో ముద్దచర్మపు జబ్బు దేశమంతా వ్యాపించినప్పుడు పాడి అభివృద్ధి మండలి పైపూతగా సూచించినది కూడా ఈ నూనెనే. కుప్పింట ఎవరూ నాటనక్కరలేని కలుపు మొక్క. మడి మూలలో నాలుగు మొక్కలు పీకకుండా వదిలితే చాలు.

ఎన్నిసార్లు కట్టించినా చూడి నిలవని పశువుకు: ఎదకు వచ్చిన మొదటి లేక రెండవ రోజున మొదలుపెట్టి, రోజుకు ఒకసారి బెల్లం, ఉప్పుతో కలిపి ఈ వరుసలో తినిపించాలి. ముల్లంగి రోజుకు ఒకటి 5 రోజులు. కలబంద ఆకు రోజుకు ఒకటి 4 రోజులు. మునగాకు 4 గుప్పెళ్ళు 4 రోజులు. నల్లేరు 4 గుప్పెళ్ళు 4 రోజులు. పసుపు కలిపిన కరివేపాకు 4 గుప్పెళ్ళు 4 రోజులు. కూడితే 21 రోజులు, అంటే పశువు మళ్ళీ ఎదకు వచ్చే కాలం. బెల్లానికి మన ప్రాంతంలో కొదవ లేదు. ఈ మందు చూడి పశువుకు పెట్టకూడదు గనుక ముందు డాక్టరుచేత చూడి పరీక్ష చేయించాలి.

హద్దు తెలుసుకోవాలి

పెరటి మందు పశువైద్యుడికి బదులు కాదు. పశువుకు జ్వరం వచ్చినా, మేత మానినా, పొదుగు రాయిలా గట్టిపడినా, చల్లబడి నల్లగా మారినా, పాలలో రక్తం పడినా అదే పూట డాక్టరును పిలవాలి. ఆకు మందు వేస్తున్న సంగతి ఆయనకు చెప్పాలి. పొదుగువాపు ఉన్న పాలు, మందు పూసిన రోజుల పాలు సంఘానికి పోయకూడదు. గాలికుంటు టీకాకు ఏ ఆకూ సాటిరాదు.

జబ్బును ముందే పసిగట్టడం అన్నిటికంటె చవకైన వైద్యం. ప్రతి పూటా మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. తరకలు కనిపిస్తే ఆ రోజే మందు మొదలుపెట్టండి. పిండిన వెంటనే పశువును అరగంటసేపు పడుకోనివ్వకుండా మేత వేయండి. పిండగానే చనుమొన రంధ్రం తెరిచి ఉంటుంది. బురదలో పడుకుంటే జబ్బు లోపలికి పోతుంది.

మరొక మాట. మడి అందం కోసం గన్నేరు నాటకండి. దాని ఆకులు కొద్దిగా తిన్నా పశువు చనిపోతుంది. కత్తిరించిన గన్నేరు కొమ్మలను మేతతో కలిసే చోట పారవేయడం కూడా ప్రమాదమే.

సంఘం చేయవలసిన పని

ఈ పని ఒక్కొక్క ఇల్లు విడిగా చేస్తే నెమ్మదిగా సాగుతుంది, సంఘం చేతిలోకి తీసుకుంటే తొందరగా సాగుతుంది. పాల కేంద్రం ఆవరణలో ఒక తల్లి మడి వేయండి. 50 కలబందలు, ఒక నల్లేరు పందిరి, ఒక వరుస పసుపు అందులో ఉండాలి. పిలకలు వచ్చిన కొద్దీ సభ్యులకు ఇచ్చి, ఎవరికి ఎన్ని ఇచ్చారో ఒక పుస్తకంలో రాయండి. తీసుకున్న ఇల్లు ఏడాది తరువాత అన్నే పిలకలు తిరిగి ఇవ్వాలి. అప్పు, వసూలు అనేవి డబ్బుతోనే ఉండాలని సహకార సూత్రం ఎక్కడా చెప్పలేదు. మందు అవసరపడిన ఇంటికి తల్లి మడి నుండి ఆకు ఉచితంగా ఇవ్వవచ్చు. ఇందుకు ఒక తీర్మానం చాలు.

అదే పుస్తకంలో మరొక పట్టిక గీయండి. ఏ తేదీన ఎవరి పశువుకు పొదుగువాపు వచ్చింది, ఏ మందు వేశారు, ఎన్ని రోజులకు నయమైంది, ఎన్ని లీటర్లు పోయలేదు అనేవి రాయండి. ఏడాది తిరిగేసరికి మీ ఊరి లెక్క మీ చేతిలో ఉంటుంది. ఇంటి మడి చూసేది ఎక్కువగా ఆడవారే గనుక ఈ పుస్తకం బాధ్యత ఒక మహిళా సభ్యురాలికి అప్పగించడం న్యాయం.

నెలసరి సమావేశంలో చర్చించడానికి ప్రశ్నలు

1. మన సంఘంలో గత సంవత్సరం ఎన్ని పశువులకు పొదుగువాపు వచ్చింది? ఎన్ని చన్నులు ఎండిపోయాయి?
2. మన ఊళ్ళో కలబంద పిలకలు ఎవరి పెరట్లో ఉన్నాయి? ఎన్ని పంచగలరు?
3. మందు వేసిన పాలు వేరుగా ఉంచే నియమాన్ని అందరూ పాటిస్తున్నారా? పాటించనివారికి ఎవరు చెప్పాలి?
4. తల్లి మడికి స్థలం, కంప, నీరు ఎవరెవరు సమకూరుస్తారు?
5. పశువైద్యుని ఏ రోజున పిలిచి మందు తయారీని కళ్ళకు కట్టినట్టు చూపించవచ్చు?

జవాబులు సమావేశపు మినిట్సు పుస్తకంలో రాయండి. వచ్చే తనిఖీలో పాల లెక్కతోపాటు పిలకల లెక్క కూడా చూడడం జరుగుతుంది.